మా సంఘం ‘2035 ప్లానింగ్’ వర్క్‌షాప్: హోటల్లో ఒక రోజు దండగ, గోదాంలో రెండు రోజులు పైసా వసూల్

రేటింగ్ ముందే చెప్తా: 5కి 3. మొదటి రోజు ఒక్కటే చూసి రాయమంటే 1 ఇచ్చేవాణ్ని. గోదాంలో జరిగిన రెండు రోజులకు నాలుగున్నర ఇస్తా, తర్వాత పంపిన రిపోర్టుకు మళ్లీ 1, అన్నీ కలిపితే ఎక్కడో మూడు దగ్గర తేలింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెన్సీ వాళ్లు. ఒక సంస్థలో పైనుంచి కింది దాకా అందరినీ కూర్చోబెట్టి, రాబోయే పదేళ్లకు ఏం చేయాలో వాళ్లతోనే చెప్పించి ప్లాన్ రాయించడం వీళ్ల పని. పేరు రాయను, మా పాలకవర్గం వద్దంది, పైగా కోపంతో రాస్తున్న రివ్యూ కాదిది. హనుమకొండ, పరకాల, హుజూరాబాద్, జమ్మికుంట వైపు ఇలాంటి సర్వీసు పిలిపిద్దామా వద్దా అని చూస్తున్న సొసైటీలు, స్కూళ్లు, మిల్లుల వాళ్లు ఉంటారు కదా, వాళ్లకు పనికొస్తుందని.

మాది రైతుల సహకార సంఘం. ఎరువుల దుకాణం, విత్తనాల శుద్ధి ప్లాంటు, రెండు గోదాములు, ఒక పెట్రోల్ బంకు, హమాలీలతో కలిపి మొత్తం 63 మందిమి. నేను 19 ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నా. ప్రతి ఏడాది మహాజన సభకు వేసే నివేదికలో చివరి పేజీ ‘భవిష్యత్ ప్రణాళిక’ అని ఉంటుంది. ఆ పేజీ రాసేది నేనే. నిజం చెప్పాలంటే నిరుటి పేజీ తెరిచి, సంవత్సరం మార్చి, అంకెలు పది శాతం పెంచి ప్రింటుకు ఇస్తా. ఇన్నేళ్లలో ఒక్క సభ్యుడు కూడా ఆ పేజీ మీద ప్రశ్న అడగలేదు, సంతకం పెట్టి భోజనాల దగ్గరికి పోతారు. అలాంటిది కొత్తగా వచ్చిన సీఈఓ గారు ‘ఈసారి బయటివాళ్లను పిలిచి సరిగ్గా చేద్దాం’ అన్నారు. మూడు రోజులకు ఫీజు 1,20,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, రానుపోను ఖర్చు, బస మాదే. చెక్కు రాసింది నేనే కాబట్టి ఆ బాధ నాకే ఎక్కువ తెలుసు.

మేడారం జాతర ముగిసి అందరూ డ్యూటీకి వచ్చాక, ఫిబ్రవరిలో పెట్టుకున్నాం. మొదటి రోజు హనుమకొండలో ఏసీ హాలు. ‘సంస్థలో అందరినీ’ అని కొటేషన్‌లో రాసిన వాళ్లు హాలుకు మాత్రం 14 మందినే రమ్మన్నారు: పాలకవర్గం, సీఈఓ, మేనేజర్లు, కాగితాలు పట్టుకోవడానికి నేను. కన్సల్టెన్సీ పెద్ద సార్ స్లైడ్లు మొదలుపెట్టాడు, అంతా ఇంగ్లీషే, విజన్ అంటాడు, మిషన్ అంటాడు, రెండింటికీ తేడా ఏంటని మా డైరెక్టర్ ఒకాయన అడిగితే మళ్లీ ఇంగ్లీషులోనే చెప్పాడు. మధ్యలో షెల్ ఆయిల్ కంపెనీ కథ ఒకటి వచ్చింది. 1970ల మొదట్లో అక్కడ పియర్ వాక్ అనే ఆయన ప్లానింగ్ చూసేవాడట, రేపు ఇలాగే ఉంటుందని ఒక్క లెక్క కట్టి ఊరుకోకుండా, ఇలా అయితే ఏం చేస్తాం, అలా అయితే ఏం చేస్తాం అని నాలుగైదు రకాలుగా కథలు అల్లి పెద్దవాళ్ల ముందు పెట్టేవాడట, అందులో చమురు ధర అమాంతం లేచే కథ కూడా ఉందట, 1973లో నిజంగానే లేచింది, మిగతావాళ్లు బిత్తరపోతే వీళ్లు కొంత ముందే తయారుగా ఉన్నారు. కథ మంచిదే, నాకు నచ్చింది కూడా. కానీ మాకు గంట దూరంలో ముల్కనూరు ఉంది. 1956లో ఏ.కె. విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సంఘం ఇప్పటికీ నడుస్తోంది, అక్కడి ఆడవాళ్లు 2000లో సొంతంగా పాల డెయిరీ పెట్టుకుని స్వకృషి పేరుతో అమ్ముతున్నారు. సహకార సంఘంలో కూర్చుని భవిష్యత్తు గురించి మాట్లాడుతూ ముల్కనూరు పేరు ఒక్కసారి కూడా ఎత్తకపోతే ఎట్లా? అడిగితే ‘ఓహ్, అది ఇక్కడికి దగ్గరేనా’ అన్నాడు. అక్కడే సగం మార్కులు పోయాయి.

మధ్యాహ్నం బఫే బాగుంది, అది చెప్పకపోతే అన్యాయం.

సాయంత్రం నాలుగింటికి, అందరం ఆవులిస్తుంటే, అప్పటిదాకా వెనక కూర్చుని లాప్‌టాప్ చూసుకుంటున్న వాళ్ల జూనియర్ మేడమ్ లేచింది. నిజామాబాద్ వైపు అమ్మాయి, మాట వింటేనే తెలిసిపోయింది. తలా ఒక పసుపు చీటీ ఇచ్చి ‘2035లో మీ వయసెంతో రాసి గోడకు అంటించండి’ అంది. అంతే, ఇంకేం అడగలేదు. అంటించాం. 71, 68, 74, 66, 79. పద్నాలుగు చీటీల్లో తొమ్మిది అరవై దాటినవే, అందులో నాది ఒకటి. హాలంతా కాసేపు ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ప్రెసిడెంట్ గారే ముందు నవ్వారు, ‘మరి ఈ ప్లాన్ ఎవరి కోసమమ్మా చేస్తున్నం?’ అని. ‘అదే సార్, 2035లో ఇక్కడ డ్యూటీలో ఉండేవాళ్లు ఈ హాల్లో లేరు. రేపు గోదాంకు పోదామా?’ అంది. వాళ్ల పెద్ద సార్ మొహం చూడాలి, రెండో రోజు స్లైడ్లు ఇంకా 60 ఉన్నాయట.

హాలు అడ్వాన్సు పోయింది. పోనీ.

రెండో రోజు తొమ్మిదింటికి పెద్ద గోదాంలో యూరియా బస్తాలు ఒక పక్కకు జరిపి, టార్పాలిన్ పరిచి కూర్చున్నాం. హమాలీలు, డ్రైవర్లు, బంకు పిల్లలు, కౌంటర్ ఆడవాళ్లు, ప్లాంటు వాళ్లు అందరూ వచ్చారు. దుకాణం, బంకు బంద్ పెట్టలేం కదా, అందుకని సగం మంది పొద్దున, సగం మంది మధ్యాహ్నం. మొదటి అరగంట ఎవరూ నోరు విప్పలేదు. ప్రెసిడెంట్ గారు కుర్చీలో, మిగతావాళ్లు కింద. ‘మంచిగనే ఉంది సార్’, ‘మీరెట్ల చెప్తె అట్ల సార్’ ఇవే జవాబులు. మేడమ్ గమనించింది. పాలకవర్గం వాళ్లందరికీ ఒక కాగితం ఇచ్చి ‘మీకు వేరే పని ఉంది సార్, మీరు చేసి తీరాలనుకుని చేయలేకపోయిన ఐదు పనులు, ఎందుకు చేయలేకపోయారో రాయండి’ అని రెండో గోదాంకు పంపించేసింది. మర్యాదగా, చాయ్ ఇచ్చి మరీ. నన్ను కూడా పంపబోతే, నేను రాసుకుంటా మాట్లాడను అని బతిమిలాడి ఉండిపోయా.

తర్వాత ముగ్గుపిండి తీసింది. కింద గచ్చు మీద సంఘం మ్యాపు వేయమంది: ఊళ్లు, కాలువ, దుకాణం, గోదాం, రైతులు ఏ వైపు నుంచి వస్తారు, ఎక్కడ ఆగుతారు. కౌంటర్‌లో చేసే అక్క పిండి తీసుకుని రెండు నిమిషాల్లో ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువ గీత లాగేసింది, బతుకమ్మ ముందు ముగ్గేసినంత సులువుగా. డ్రైవర్ ఒకతను లేచి ‘అక్కా, గీ వైపు ఇప్పుడు పొలాలు లేవు, వెంచర్లు పడ్డయి’ అని కాలితోనే మూడు ఊళ్ల మీద పిండి చెరిపేశాడు. ఆ మూడు ఊళ్ల సభ్యత్వం నా లెడ్జర్‌లో ఇంకా ఉంది. షేరు ధనం ఉంది, పొలం లేదు. వాళ్లకు ఎరువు అమ్ముతామని నేను ప్రతి ఏడాది పది శాతం పెంచి రాస్తున్నా. ఈ ఒక్క ముక్క నేను టేబుల్ ముందు కూర్చుని ఇంకో 19 ఏళ్లున్నా తెలిసేది కాదు.

అసలు సంగతి హమాలీల దగ్గర బయటపడింది. మా హమాలీల పెద్దకు 50 దాటాయి, చదువు లేదు, లెక్క మాత్రం నాకంటే గట్టిగా చెప్తాడు. మేడమ్ ఆయన్ని ‘కాకా, పదేళ్లల్ల ఏం మారుతది?’ అని అడిగింది. ఆయన లేచి రాక్ మీద నుంచి నానో యూరియా (నీళ్లలో కలిపి ఆకుల మీద కొట్టే ద్రవ ఎరువు) సీసా ఒకటి తెచ్చి టార్పాలిన్ మీద పెట్టాడు, పక్కన ఒక యూరియా బస్తా దించాడు. ‘బిడ్డా, ఈ బస్తా నేను వచ్చినప్పుడు యాభై కిలోలు. తర్వాత నలభై ఐదు చేసిన్రు. ఇప్పుడు గీ అద్దలీటరు సీసా ఈ బస్తాకు సమానమంటున్నరు. రైతులు ఇంకా నమ్ముతలేరు, అది వేరే ముచ్చట. నమ్మిన్రనుకో, మరి నేను ఏం ఎత్తాలె?’ బస్తా 45 కిలోలయింది 2018లో, నానో యూరియా మార్కెట్లోకి వచ్చింది 2021లో, రెండూ నా స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి, కానీ నేను వాటిని కిలోల్లో చూశా, ఆయన కూలిలో చూశాడు. హమాలీ రేటు బస్తాకు ఇంత అని ఇస్తాం మేము. బస్తాలు తగ్గితే రేటు ఎంత పెంచినా లాభం లేదని ఆయనకు ఎప్పుడో అర్థమైపోయింది. ఇంట్లో చెప్పుకున్నాడు, ఆఫీసులో ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

దాని మీద పెద్ద చర్చే నడిచింది. 2025 వానాకాలంలో యూరియా కోసం పొద్దున్నే లైన్లో చెప్పులు పెట్టిపోయిన రైతులతో తిట్లు తింటూ లైన్ నడిపింది ఈ కౌంటర్ అక్కలే. సీసా వైపు ఎవరు చూశారు, ఎవరు చూడలేదు, చూసినవాళ్లు మళ్లీ ఎందుకు కొనలేదు అనేది వాళ్లకు పేర్లతో సహా తెలుసు. మందు కొట్టే పంపుతో సీసా మందు కొట్టాలంటే మళ్లీ కూలి మనిషి కావాలి, మనిషి దొరకడు, డ్రోన్ అయితే ఎకరం పది నిమిషాల్లోపే అయిపోతుంది, కాబట్టి సీసా అమ్మాలంటే సంఘానికి డ్రోన్ ఉండాలి. ఇది చెప్పింది మా కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి, 24 ఏళ్లు, రెండేళ్లుగా పక్క టేబుల్ మీద బిల్లులు కొడుతూ ఉంది, నేను ఆమెతో ‘జీఎస్టీ రిటర్న్ వేశావా’ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అక్కడికక్కడే ఫోన్లో చూసి, 18 నిండి పదో తరగతి పాసైతే డ్రోన్ పైలట్ ట్రైనింగ్‌కు పంపొచ్చని కూడా చెప్పింది. మా హమాలీల పెద్దకు ఒక కొడుకున్నాడు, ఐటీఐ చేసి ఖాళీగా ఉన్నాడు. హమాలీల పెద్ద ఏమీ అనలేదు, సీసాను అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

ఇంకోటి, పత్తి. 2025లో సీసీఐ (కేంద్ర ప్రభుత్వం తరఫున పత్తి కొనే సంస్థ) వాళ్లు కొనుగోలుకు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోమన్నారు కదా. మా దగ్గరకి ఎరువుకు వచ్చే ముసలి రైతులు కౌంటర్ దగ్గర ఫోన్ పెట్టి ‘బిడ్డా, గిది జర చూడు’ అని అడుగుతూనే ఉన్నారట. అక్కలు చేసి పెట్టారు, డ్యూటీ టైంలో, మేనేజర్‌కు తెలియకుండా. తెలిస్తే కోప్పడతాడని దాచారు. అది సంఘం చేయాల్సిన సర్వీసు అని మేనేజర్ కూడా ఒప్పుకున్నాడు, కాకపోతే మూడో రోజు, అందరి ముందు, కొంచెం మొహం ఎర్రగా చేసుకుని.

మధ్యలో చాయ్ బ్రేక్ గురించి ఒక మాట. మేడమ్ దాన్ని గంట పెట్టింది, పెద్ద సార్ గడియారం చూసుకుంటూ ఉన్నాడు. హారిసన్ ఓవెన్ అని అమెరికా ఆయన ఒకసారి ఏడాది పాటు కష్టపడి పెద్ద సభ జరిపితే, అందులో కాఫీ బ్రేకులే బాగున్నాయని తేలిందట, అప్పుడు సభ మొత్తం కాఫీ బ్రేక్‌లాగే నడిపే పద్ధతి ఒకటి తయారు చేశాడట, 1980ల్లో. ఎవరికి ఏ విషయం మీద మాట్లాడాలని ఉంటే వాళ్లు ఆ మూలకు పోవడం, విసుగొస్తే ఇంకో మూలకు లేచిపోవడం. మా వాళ్లకు ఇది ఎవరూ నేర్పాల్సిన పని లేకుండానే వచ్చేసింది. సర్వపిండి తెప్పించాం, నాలుగు మూలల్లో నాలుగు గుంపులు, ఒక మూల నుంచి అరుపులు కూడా, డ్రైవర్లకూ ప్లాంటు వాళ్లకూ లోడింగ్ టైం గురించి పాత పంచాయితీ ఒకటి ఉంది, అది పదేళ్ల ప్లాన్‌లోకి ఎందుకు వచ్చిందో కానీ అక్కడే తేలిపోయింది.

మూడో రోజు పాలకవర్గంతో సహా అందరూ ఒకే చోట. ఈసారి ప్రెసిడెంట్ గారు తనంతట తానే కింద కూర్చున్నారు, మోకాళ్ల నొప్పులతో. మేడమ్ ఒక్క ప్రశ్న వేసింది: ‘ఇప్పుడు 2035. మన సంఘం మూతపడి ఆరు నెలలైంది. ఎందుకు మూతపడింది?’ గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు పద్ధతి అట ఇది, పని మొదలుపెట్టకముందే అది చెడిపోయిందని అనుకుని కారణాలు వెతకడం. మొదట మా వాళ్లకు నచ్చలేదు, అపశకునం మాటలేంటని ఒక డైరెక్టర్ కోప్పడ్డాడు కూడా. కానీ వరంగల్ ఆజం జాహీ బట్టల మిల్లు చుట్టూ ఒక ఊరే బతికి, తర్వాత ఆ గేటుకు తాళం పడటం కూడా చూసిన జిల్లా మనది, ఇక్కడ ఆ ప్రశ్న అర్థం కాని మనిషి ఉండడు. చీటీలు వచ్చాయి. రాయలేని వాళ్లవి మేడమ్ వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే రాసింది, ఒక్క అక్షరం మార్చకుండా, అది నాకు బాగా నచ్చింది. ‘ఎలక్షన్ల కొట్లాట’. ‘ఉద్దెర వసూలు కాక’. ‘పిల్లలు హైదరాబాద్ పోయిన్రు, భూములు కౌలుకిచ్చిన్రు, కౌలు రైతుకు సభ్యత్వం లేదు’. ‘ఆన్‌లైన్‌ల విత్తనాలు ఇంటికే వచ్చినయి’. ఒకటి మాత్రం ‘గోదాం రేకులు కారి సరుకు తడిసి’. దాని కింద పేరు లేదు, కానీ అందరూ హమాలీల పెద్ద వైపే చూశారు.

అన్నిట్లో ఏవి ముఖ్యమో తేల్చడానికి తలా మూడు రంగు స్టిక్కర్లు ఇచ్చి నచ్చినవాటి మీద అంటించమన్నారు. 63 మందికి స్టిక్కర్లు చాల్లేదు, వాళ్లు హోటల్లో కూర్చునే 14 మంది లెక్కలోనే తెచ్చుకున్నారు మరి. కౌంటర్ అక్కలు బ్యాగుల్లోంచి బొట్టుబిళ్లల ప్యాకెట్లు తీశారు. ఎర్రవి, మెరూన్‌వి, ఒకటి రాళ్లది కూడా. ప్రెసిడెంట్ గారు బొట్టుబిళ్ల వేలికి అంటించుకుని ఏ చీటీ మీద పెట్టాలా అని నిలబడి ఆలోచిస్తున్న ఫోటో మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తిరుగుతోంది. లెక్కపెట్టింది నేనే: కౌలు రైతులకు సభ్యత్వం మొదటిది, డ్రోన్ సర్వీసు రెండోది, గోదాం రేకులు మూడోది. సీఈఓ గారు ఎంతో ఇష్టంగా మొదటి రోజు చెప్పిన సూపర్‌మార్కెట్ ఐడియాకు నాలుగే బిళ్లలు పడ్డాయి. ఆయన దాన్ని పట్టించుకోనట్టే ఉన్నారు, కానీ భోజనాల దగ్గర పెద్దగా తినలేదు. బగారా అన్నం, చికెన్, పచ్చిపులుసు, మా ఊరి వంటవాళ్లే, హోటల్ బఫేలో సగం ఖర్చుకు 63 మంది తిన్నారు.

ఇంతవరకు రాసి ఆపితే 5కి 5 ఇవ్వాలి. ఇక రిపోర్టు దగ్గరికి వద్దాం.

పది రోజుల్లో ఇస్తామన్నది ఐదు వారాలకు వచ్చింది. 46 పేజీల పీడీఎఫ్, మొత్తం ఇంగ్లీషు. రాసింది మేడమ్ కాదు, పెద్ద సారో ఆఫీసులో ఇంకెవరో, చదివితేనే తెలుస్తుంది. ‘గోదాం రేకులు కారుతున్నయి’ అన్న చీటీ అందులో ‘మౌలిక వసతుల ఆధునికీకరణ’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క అయిపోయింది. ‘ఉద్దెర వసూలు కాక’ అన్నది ఏదో రిస్కు పేరుతో ఒక పట్టికలో కలిసిపోయింది. సీసా ముచ్చట అసలే లేదు. సూపర్‌మార్కెట్‌కు మాత్రం రెండు పేజీలు, రంగుల గ్రాఫుతో సహా, నాలుగు బిళ్లలకు రెండు పేజీలు! నేను ముఖ్యమైన పేజీలు తెలుగులోకి రాసి గోదాంలో చదివి వినిపించా. హమాలీల పెద్ద చివరిదాకా విని ‘అంత మంచిగనే ఉంది గని, నా రేకు యాడ పోయింది సార్?’ అన్నాడు. ఆధునికీకరణలో ఉంది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ సర్వీసులో పెద్ద లోపం ఇదే, ఎవరు కొనాలనుకున్నా ముందే మాట్లాడుకోండి. నోరు లేని మనిషితో మాట్లాడించడం వీళ్లకు వచ్చు, అది చిన్న విద్య కాదు, మేడమ్ దగ్గర నేను చాలా నేర్చుకున్నా. కానీ ఆ మాట కాగితం మీదికి వచ్చేసరికి మళ్లీ సార్ల భాష అవుతోంది. అడగకుండా ఉన్నన్ని రోజులు ఎవరికీ ఆశ లేదు. ఒకసారి అడిగి, వాళ్లు చెప్పినదాన్ని వాళ్లే గుర్తుపట్టలేనట్టు చేస్తే, మళ్లీ పిలిస్తే ‘మంచిగనే ఉంది సార్’ దగ్గరే ఆగిపోతారు.

మేము చేసిన పని ఏంటంటే, బొట్టుబిళ్లలున్న ఆ అసలు చార్టులను లామినేషన్ చేయించి గోదాం గోడకు కొట్టాం. ప్రతి నెల మొదటి సోమవారం పాలకవర్గం మీటింగ్ ఆ గోడ ముందే, రిపోర్టు ముందు కాదు. కౌలు రైతుల సభ్యత్వానికి బైలాస్ మార్చాలి, అది మహాజన సభకు పోవాలి, టైం పడుతుంది. డ్రోన్ ట్రైనింగ్‌కు ఇద్దరు పేర్లు ఇచ్చారు. రేకులు మాత్రం వానలకు ముందే మార్చాం, చాలా ఏళ్ల తర్వాత ఆ బిల్లు మీద నేను సంతోషంగా సంతకం పెట్టా.

ఆరు నెలలకు ఫాలోఅప్ అని ఫీజులోనే ఉంది. మొన్న వాళ్ల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, జూమ్‌లో గంట చేస్తామని. మేము కుదరదన్నాం. గోదాంలోనే, తెలుగులోనే, మేడమే రావాలి, రిపోర్టు రాస్తే రెండు పేజీలు దాటొద్దు, చీటీలో ఉన్న మాట ఉన్నట్టు ఉండాలి అని మెయిల్ పెట్టా. ‘చూసి చెప్తాం’ అన్నారు, చెప్పాక ఇక్కడే రేటింగ్ మారుస్తా. స్టిక్కర్లు తెచ్చుకోనక్కర్లేదని కూడా రాశా, మా దగ్గర ఉన్నాయి.